సముద్రపు పాలీకీట్ పురుగుల్ని గుర్తుపట్టడం ఎలా: తల, పార్శ్వపాదాలు, శూకాలు చూస్తూ పేరు దాకా వెళ్లే పద్ధతి

వైజాగ్ తెన్నేటి పార్క్ కింద రాళ్ల సందుల్లో, భీమిలిలో గోస్తనీ కలిసే చోట, కాకినాడ వైపు బురదలో, ఎక్కడ కొంచెం తవ్వినా రాయి తిప్పినా ఒళ్లంతా ఖండాలుగా ఉండి రెండు పక్కలా చిన్న చిన్న కాళ్లలాంటివి (ఇవే పార్శ్వపాదాలు), వాటి చివర మెరిసే వెంట్రుకలు (ఇవే శూకాలు) ఉన్న పురుగు కనిపిస్తుంది. ఇదే పాలీకీట్, వానపాముకి, జలగకి చుట్టం. ఇంటర్ జువాలజీలో నీరిస్ చదివిన వాళ్లందరికీ ఒక పేరు గుర్తుంటుంది కాబట్టి కాళ్లున్న పురుగు ఏది కనిపించినా నీరిస్ అనేస్తారు, కానీ ప్రపంచంలో పేరు పెట్టిన పాలీకీట్ జాతులే 10 వేలకి పైగా ఉన్నాయి, నీరిస్ ఉండే నీరీడిడే అనే ఒక్క కుటుంబంలోనే 700కి పైగా జాతులు ఉన్నాయి. అందుకే పైనుంచి తీసిన ఒక్క ఫొటో చూసి జాతి పేరు చెప్పడం దాదాపు ఎవరి వల్లా కాదు, కానీ కుటుంబం పేరు మాత్రం పది రెట్ల లెన్స్‌తోనే చాలాసార్లు చెప్పేయొచ్చు, నేర్చుకుంటే ఎవరికైనా వస్తుంది.

నేను మొదటి నుంచి చివరి దాకా చెప్పేది ఒక్కటే. ముందు కుటుంబం, తర్వాత ప్రజాతి, ఆ తర్వాతే జాతి, ఒక్కో మెట్టుకి ఒక్కో భాగం చూడాలి, ఆ భాగం కనిపించకపోతే అక్కడే ఆగిపోవాలి. ప్రజాతి పెరినీరిస్ అని తెలిసి జాతి తెలియకపోతే పెరినీరిస్ ఎస్పీ. అని రాస్తే చాలు, అది పూర్తిగా పనికొచ్చే రికార్డే, ఊహించి రాసిన జాతి పేరు మాత్రం తర్వాత వచ్చే వాళ్లందరినీ తప్పుదారి పట్టిస్తుంది.

దొరికింది ఎలా తెచ్చుకోవాలి

రాళ్ల తీరం అయితే అమావాస్యకో పౌర్ణమికో పాటు బాగా దిగినప్పుడు వెళ్లండి, మామూలు రోజుల్లో నీళ్ల కింద ఉండే రాళ్లు అప్పుడు బయటపడతాయి. తిప్పిన ప్రతి రాయినీ మళ్లీ అలాగే పెట్టేయండి, కింద బతికేవి ఎండకి గంటలో చచ్చిపోతాయి. బురద, ఇసుక అయితే అర మిల్లీమీటరు కన్నాల జల్లెడ వాడండి, నీళ్లు మెల్లగా పోస్తూ కడగాలి, పైపు పెట్టి ధారగా కొడితే పురుగులు ముక్కలైపోతాయి, తల లేని తోక మిగిలితే దాని పేరు తేల్చడం చాలా కష్టం. కోరింగ మడ అడవి లాంటి అభయారణ్యాల్లో అటవీశాఖ అనుమతి లేకుండా ఏదీ సేకరించకూడదు, ఇది ముందే చూసుకోండి.

చేత్తో పట్టుకునే ముందు ఒక జాగ్రత్త. ఒంటి పక్కల తెల్లగా గుబురు గుబురుగా దూదిలాంటి వెంట్రుకలు ఉంటే అది ఫైర్‌వార్మ్, ఆంఫినోమిడే కుటుంబం, ఆ శూకాలు సున్నపు పదార్థంతో చేసినవి, పెళుసుగా ఉంటాయి, చర్మంలోకి దిగి విరిగిపోయి విపరీతంగా మండుతుంది. వలల్లో పడే క్లోయియా కూడా ఇదే కుటుంబం, చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా ఫోర్సెప్స్‌తోనే తియ్యండి. గుచ్చుకుంటే రుద్దకుండా సెలోటేప్ అంటించి లాగితే చాలా శూకాలు వచ్చేస్తాయి, వాపు ఎక్కువైనా ఊపిరి ఇబ్బంది అనిపించినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. గ్లైసెరా అనే ఇంకో పురుగు కరుస్తుంది కూడా, దాని దవడల్లో విషం ఉంటుంది, దాని సంగతి కింద వస్తుంది.

ఇంటికో ల్యాబ్‌కో తెచ్చాక ముందు బతికుండగానే ఫొటోలు తియ్యండి, ఎందుకంటే ఫార్మలిన్‌లో వేశాక రంగులు చాలావరకు పోతాయి, కళ్ల రంగు, వీపు మీది చారలు, మొప్పల ఎరుపు ఇవేవీ తర్వాత దొరకవు. పైనుంచి ఒకటి, కింద నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, తల దగ్గరగా ఒకటి, పక్కన స్కేల్ పెట్టి. తర్వాత మత్తు ఇవ్వాలి, ఈ స్టెప్ చాలామంది వదిలేస్తారు గానీ పని మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది. లీటరు మంచినీళ్లలో సుమారు 75 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ కలిపి, ఆ నీళ్లని పురుగున్న సముద్రపు నీళ్లలో కొద్దికొద్దిగా సగానికి సగం వచ్చేదాకా పోస్తూ ఉంటే అరగంట లోపే చాలావరకు సడలిపోయి నిటారుగా పడుకుంటాయి. మత్తు ఇవ్వకుండా నేరుగా ఫార్మలిన్‌లో పడేస్తే ముడుచుకుపోతాయి, మెలికలు తిరుగుతాయి, కొన్ని తమ ఒంటిని తామే తెంపేసుకుంటాయి.

మత్తులో ఉన్నప్పుడు తల వెనక వేలితోనో మొద్దు సూదితోనో మెల్లగా ముందుకి నొక్కితే గొంతు, అంటే ఫారింక్స్, చొక్కా చేతిని లోపలి నుంచి బయటికి తిప్పినట్టు బయటికి వస్తుంది. నీరీడ్స్‌లో, అంటే నీరీడిడే కుటుంబం పురుగుల్లో, జాతి తేల్చేది చాలావరకు ఈ గొంతే కాబట్టి ఓపిగ్గా చెయ్యండి. రాకపోతే గొంతు కింది వైపు నుంచి చిన్న కత్తెరతో నిలువుగా కోసి తెరిచి చూడాల్సి ఉంటుంది.

డీఎన్ఏ కావాలనుకుంటే ఫార్మలిన్‌కి ముందే తోక వైపు చిన్న ముక్క కోసి 95 శాతం దాటిన ఆల్కహాల్‌లో విడిగా పెట్టండి. మిగతా ఒళ్లు ఒక వంతు ఫార్మలిన్‌కి తొమ్మిది వంతుల సముద్రపు నీళ్లు కలిపిన దాంట్లో ఒకటి రెండు రోజులు ఉంచి, బాగా కడిగి, 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి. ఫార్మలిన్ ఆమ్లంగా ఉంటే ఫైర్‌వార్మ్ సున్నపు శూకాలు కరిగిపోతాయి, కొంచెం బోరాక్స్ కలిపితే ఆ బాధ ఉండదు. గ్లోవ్స్ వేసుకుని గాలి వచ్చే చోట చెయ్యండి, ఫార్మలిన్ ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు. చోటు, తేదీ, లోతు, రాయా ఇసుకా బురదా అన్నది పెన్సిల్‌తో మంచి కాగితం మీద రాసి సీసా లోపలే వెయ్యండి, సీసా మీద పెన్నుతో రాసింది ఆల్కహాల్ చుక్క పడితే పోతుంది.

తల చదవడం

పాలీకీట్ ఒళ్లు మూడు భాగాలు అనుకోండి. ముందు ప్రోస్టోమియం, దాని వెనక నోటి చుట్టూ పెరిస్టోమియం, ఈ రెండూ కలిసి తల, మధ్యలో ఖండాల వరుస, చివర పైజిడియం, అక్కడే మలద్వారం. తల చూస్తే సగం పని అయిపోయినట్టే.

ప్రోస్టోమియం మీద ఎన్ని యాంటెన్నాలు ఉన్నాయి, కింద పక్కన పాల్ప్స్ అనే తడిమే భాగాలు ఉన్నాయా, ఉంటే లావుగా రెండు ముక్కల్లా ఉన్నాయా సన్నగా పొడుగ్గా ఉన్నాయా, కళ్లు ఎన్ని, తల వెనక రెండు పక్కలా టెంటాక్యులర్ సిర్రై అనే పొడుగు తీగలు ఎన్ని జతలు, ఇవి ఈ వరుసలోనే నోట్ చేసుకోండి. రెండు యాంటెన్నాలు, రెండు లావుపాటి పాల్ప్స్, నాలుగు కళ్లు, నాలుగు జతల టెంటాక్యులర్ సిర్రై, బయటికొచ్చే గొంతు చివర కొడవళ్లలాంటి రెండే రెండు దవడలు ఉంటే నీరీడిడే. తల కోసుగా పొడుగ్గా సన్నని వలయాలతో ఉండి కొసన నాలుగు బుల్లి కొమ్ములు కనిపిస్తే గ్లైసెరిడే లేదా గోనియాడిడే. గ్లైసెరా గొంతు చాలా పొడుగు, బయటికి తన్నితే చివర శిలువ ఆకారంలో నాలుగు నల్ల దవడలు ఉంటాయి, ఆ దవడల్లో రాగి ఖనిజం ఉంటుంది, అటకమైట్ అంటారు, గనుల్లో దొరికే ఖనిజం ఒక పురుగు పంటిలో ఉండటం నాకు ఇప్పటికీ అద్భుతంగానే అనిపిస్తుంది. గోనియాడాకి, గ్లైసెరాకి తేడా కావాలంటే కాళ్లు చూడాలి, గోనియాడాలో ముందు ఖండాల కాళ్లు ఒక శాఖవి, వెనకవి రెండు శాఖలవి, గ్లైసెరాలో అలా మధ్యలో మారడం ఉండదు.

తల మీద ఏమీ లేకుండా నున్నగా శంకువులా ఉందనుకోండి, లోపల దవడలు ఉన్నాయా చూడండి. ఉంటే లంబ్రినెరిడే గానీ ఓయినోనిడే గానీ, వీటిని విడదీసేది శూకాలు: లంబ్రినెరిడ్స్‌లో కొసకి ముసుగు కప్పిన హుడెడ్ హుక్స్ ఉంటాయి, ఓయినోనిడ్స్‌లో ఉండవు. దవడలు లేకపోతే కాపిటెల్లిడే వైపు వెళ్లాలి, అవి చూపుకి అచ్చం ఎర్ర వానపాముల్లా ఉంటాయి. తల నుంచి గాడి ఉన్న రెండు పొడుగు పాల్ప్స్ వీపు వైపుకి ఊగుతుంటే స్పయోనిడే. తల పారలా పలచగా ఉండి పాల్ప్స్ మీద బొడిపెలు ఉంటే మాగెలోనా. తల అన్నదే కనిపించకుండా ఈకల కిరీటం ఉంటే సబెల్లిడే, సెర్పులిడే, నోటి దగ్గర గుత్తిగా సాగే తీగలు, వాటి వెనక కొమ్మలు కొమ్మలుగా మొప్పలు ఉంటే టెరెబెల్లిడే.

పార్శ్వపాదం, శూకాలు

ఒక్క పార్శ్వపాదం కోసి స్లైడ్ మీద పెట్టడం నేర్చుకున్న రోజు నుంచి ఈ పని రుచి తెలుస్తుంది. పూర్తి పార్శ్వపాదంలో రెండు శాఖలు, పైది నోటోపోడియం, కిందిది న్యూరోపోడియం, పైన డోర్సల్ సిర్రస్ అనే తీగ, కింద వెంట్రల్ సిర్రస్ అనే తీగ, ఒక్కో శాఖ లోపల నల్లగానో పసుపుగానో ఎసిక్యులం అనే ఊత పుల్ల. రెండు శాఖలూ ఉన్నాయా ఒకటే ఉందా, సిర్రస్ దారంలా ఉందా పూసల దండలా ఉందా ఆకులా ఉందా, మొప్ప ఉందా, ఉంటే ఎన్నో ఖండం నుంచి ఎన్నో ఖండం దాకా, ఇవి చూసుకోవాలి. డోర్సల్ సిర్రస్ ఆకులా వెడల్పుగా ఉంటే ఫిల్లొడోసిడే, పూసల దండలా ఉండి ఒళ్లు మిల్లీమీటర్లలో ఉంటే ఎక్కువగా సిల్లిడే. రెండు శాఖల మధ్య సందులో కొక్కెంలా వంగిన మొప్ప వేలాడుతుంటే, ఒళ్లు అడ్డంగా కోస్తే పలకలా నలుచదరంగా ఉంటే నెఫ్తిడే. వీపు మీద పొలుసులు, ఎలైట్రా అంటారు, జతలు జతలుగా కప్పి ఉంటే స్కేల్ వార్మ్స్, వీటిలో లెపిడోనోటస్‌కి 12 జతలు, హార్మొథొయికి 15 జతలు. పొలుసులు ముట్టుకుంటేనే రాలిపోతాయి, అప్పుడు అవి అంటుకుని ఉన్న మొటిమల్లాంటి గుర్తుల్ని లెక్కపెట్టాలి, సీసా అడుగున రాలినవి కూడా పారేయకండి, వాటి అంచు, మీది బొడిపెలు జాతికి కావాలి.

ముందు వైపు ఒకటి, నడుమ ఒకటి, వెనక ఒకటి, మూడు చోట్ల నుంచి ఒకే పక్క పార్శ్వపాదాలు తియ్యండి, ఎన్నో ఖండం నుంచి తీశారో రాసుకోండి. ఇన్సులిన్ సూది మొనతో మొదలు దగ్గర కోసి గ్లిజరిన్ చుక్కలో పెట్టి కవర్ స్లిప్ వేసి 100 రెట్లు, తర్వాత 400 రెట్లు చూడండి. శూకం ఒకటే పుల్లలా ఉంటే సింపుల్, మధ్యలో కీలు ఉండి కొసన ఇంకో ముక్క ఉంటే కాంపౌండ్. ఆ కొస ముక్క పొడుగ్గా సూదిలా ఉంటే స్పినిజర్, పొట్టిగా వంగిన కత్తిలా ఉంటే ఫాల్సిజర్. కీలు దగ్గర రెండు పక్కలూ సమానంగా ఉంటే హోమోగాంఫ్, ఒక పక్క ఎత్తుగా ఉంటే హెటెరోగాంఫ్. పేర్లు మొదట భయపెడతాయి గానీ ఒక నీరిస్ పార్శ్వపాదం చూస్తే ఈ కాంపౌండ్ రకాలన్నీ ఒకేచోట దొరుకుతాయి. గొట్టాల్లో బతికే వాటికి అన్సినై అని చిన్న దంతాల పలకలు వరుసగా ఉంటాయి, గొట్టం గోడని పట్టుకోవడానికి.

నీరీడిడే: మన తీరంలో మొదట దొరికేది, ఎక్కువగా పొరబడేది

గొంతు బయటికి వచ్చాక దాని మీద నల్లటి గోధుమ రంగు చుక్కల్లాంటి దంతాలు కనిపిస్తాయి, పారాగ్నాత్స్ అంటారు. దవడల వైపు ఉన్న వలయం మాక్సిలరీ రింగ్, నోటి వైపు ఉన్నది ఓరల్ రింగ్. ఈ రెండిటినీ ఎనిమిది ఏరియాలుగా విడదీస్తారు: మాక్సిలరీ రింగ్‌లో వీపు వైపు నడుమ 1, దాని పక్కల 2, పొట్ట వైపు నడుమ 3, పక్కల 4. ఓరల్ రింగ్‌లో వీపు వైపు నడుమ 5, పక్కల 6, పొట్ట వైపు 7, 8 కలిసి ఒక పట్టీ. కాగితం మీద రెండు బొమ్మలు గీసుకుని, ఒకటి వీపు వైపు ఒకటి పొట్ట వైపు, ఏ ఏరియాలో ఎన్ని, ఏ ఆకారం అని నింపుకుంటూ పోండి. ఎడమ కుడి విడివిడిగా లెక్కపెట్టండి, తేడా ఉండటం మామూలే.

ఇప్పుడు చదవండి. మిగతా ఏరియాల్లో అన్నీ కోసు దంతాలై, ఏరియా 6లో మాత్రం అడ్డంగా కడ్డీలా ఉన్న దంతం ఉంటే పెరినీరిస్. ఒకటి లేదా రెండు పెద్ద కడ్డీలు ఉంటే కల్ట్రిఫెరా గుంపు, రెండు కంటే ఎక్కువ కడ్డీలు వంపుగా వరుసలో ఉంటే నన్షియా గుంపు. దంతాలు దువ్వెన పళ్లలా సన్నగా దగ్గర దగ్గరగా వరుసలు కట్టి ఉంటే, ఓరల్ రింగ్ మీద కూడా అలాంటి వరుసలే ఉంటే ప్లాటినీరిస్. 2, 3, 4 ఏరియాల్లో దువ్వెన వరుసలు ఉండి 6లో కడ్డీ ఉంటే స్యూడోనీరిస్. మాక్సిలరీ రింగ్ మీద దంతాలు ఉండి ఓరల్ రింగ్ పూర్తిగా ఖాళీ అయితే సెరటోనీరిస్ వైపు చూడండి. అసలు ఎక్కడా ఒక్క దంతం కూడా లేకుండా, పార్శ్వపాదంలో పై శాఖ దాదాపు మాయమై, ఒళ్లు వెనక్కి పోయే కొద్దీ డోర్సల్ సిర్రస్ వెడల్పైపోతే నమాలికాస్టిస్, ఇది ఉప్పు తక్కువ నీళ్లది, మడ అడవుల్లో, నది మొగల్లో కుళ్లిన ఆకుల కింద వెతకాలి. డోర్సల్ సిర్రస్ మీద ఈకల్లా మొప్పలు ఉంటే డెండ్రోనీరిస్, అది కూడా ఉప్పుటేర్ల బురదదే.

నీరిస్, నియాంథెస్ మధ్య తేడా మాత్రం గొంతు చెప్పదు, శూకాలు చెప్తాయి. వెనక వైపు పార్శ్వపాదం స్లైడ్ మీద పెట్టి పై శాఖలో పొట్టి హోమోగాంఫ్ ఫాల్సిజర్స్ ఉన్నాయా చూడండి, ఉంటే నీరిస్, అక్కడ స్పినిజర్స్ మాత్రమే ఉంటే నియాంథెస్. ముందు వైపు పార్శ్వపాదం చూస్తే ఇది దొరకదు, అందుకే మూడు చోట్ల నుంచి తీయమన్నాను.

ఇక్కడ ఒక పెద్ద చిక్కు ఉంది. చాలా నీరీడ్స్ పునరుత్పత్తి టైమ్‌లో రూపం మార్చుకుంటాయి, హెటెరోనీరిస్ అని చదువుకున్నది ఇదే. కళ్లు ఉబ్బి పెద్దవైపోతాయి, ఒంటి వెనక భాగంలో పార్శ్వపాదాలు తెడ్లలా వెడల్పై, మామూలు శూకాల చోట ఈత శూకాలు వస్తాయి, రాత్రిపూట లైట్ దగ్గరికి ఈదుకుంటూ వస్తాయి. చూస్తే వేరే జంతువే అనిపిస్తుంది. అలాంటిది దొరికితే వెనక శూకాలతో పేరు తేల్చకండి, గొంతు దంతాలు మారవు కాబట్టి వాటిని నమ్మండి. మరీ చిన్న పిల్లల్లో పారాగ్నాత్స్ లెక్క తక్కువ ఉంటుంది, ఒకే చోట దొరికిన నాలుగైదు పెద్దవాటితో పోల్చి చూస్తేనే నమ్మకం.

హేచరీలకి తెచ్చే పురుగులు

మన రాష్ట్రంలో రొయ్యల హేచరీల వాళ్లు తల్లి రొయ్యలకి మేతగా పాలీకీట్లు వాడతారు, గుడ్లు బాగా రావడానికి. అక్కడ పనిచేసే వాళ్లకి ఇది తెలిస్తే చాలా ఉపయోగం, ఎందుకంటే సంచిలో వచ్చినవన్నీ ఒకటే రకం కావు. నీరీడ్స్ వస్తాయి, మార్ఫైసా వస్తుంది. మార్ఫైసా యూనిసిడే కుటుంబం, లావుగా పొడుగ్గా ఉంటుంది, తల మీద ఐదు తీగలు ఒకే వరుసలో, ఒంటి పక్కల ఎర్రటి మొప్పలు, గొంతులో రెండు కాదు, చాలా ముక్కలుగా ఉన్న దవడలు. దాని చుట్టం యూనిస్‌కి తల వెనక పెరిస్టోమియం మీద ఒక జత సిర్రై ఉంటాయి, మార్ఫైసాకి ఉండవు, ఈ ఒక్క గుర్తు లెన్స్‌తోనే కనిపిస్తుంది. మూడే తీగలు ఉండి మొప్పలు లేకపోతే లైసిడిస్. మార్ఫైసాలో జాతికి వెళ్లాలంటే మొప్పలు ఎన్నో ఖండంలో మొదలయ్యాయి, ఒక్కో మొప్పకి గరిష్ఠంగా ఎన్ని పోగులు, కాంపౌండ్ శూకాలు ఉన్నాయా లేవా, దువ్వెన శూకాలకి ఎన్ని పళ్లు, ఇవన్నీ కావాలి. చిలికా సరస్సు పాలీకీట్ల మీద సదరన్ అనే శాస్త్రవేత్త 1921లో రాసిన పనిలో పేరు పెట్టిన మార్ఫైసా గ్రేవ్‌లీ మన తూర్పు తీరపు ఉప్పునీటి జాతి. తెల్లమచ్చ వైరస్‌ని ఈ మార్ఫైసా రొయ్యకి చేరవేయగలదని 2005లో ప్రయోగంగా చూపించారు, కాబట్టి సముద్రం నుంచి నేరుగా పట్టిన పురుగుని టెస్ట్ చెయ్యకుండా తల్లి రొయ్యకి పెట్టడం ప్రమాదం, ఏ రకం ఎక్కడి నుంచి వచ్చిందో రాసి పెట్టుకోవడం అన్ని హేచరీల్లోనూ జరగాలని నా కోరిక.

బురదవి, గొట్టాలవి

గొట్టం కూడా ఆనవాలే, పురుగుని లాగేసి గొట్టం పారేయొద్దు. ఇసుకలోంచి గవ్వ ముక్కలు అంటించుకున్న గొట్టం కొస పైకి లేచి ఉంటే డయోపాత్రా, లోపలి పురుగుకి మొప్పలు స్ప్రింగులా మెలి తిరిగి ఉంటాయి, తల తీగల మొదళ్లకి వలయాలు ఉంటాయి. ఇసుక రేణువులతో కట్టిన చిన్న కోన్ గొట్టం, లోపలి పురుగు తల మీద బంగారు రంగు శూకాలు ఉంటే పెక్టినారియా. తెల్లటి సున్నపు గొట్టం రాయికో పడవ అడుగుకో అంటుకుని ఉంటే సెర్పులిడే, దానికి సాధారణంగా మూత ఉంటుంది, ఆపర్కులం. ఆ మూత కింద గరాటులా ఉండి పైన ముళ్ల కిరీటం ఉంటే హైడ్రాయిడిస్, ఓడరేవుల్లో ఓడలకీ పైపులకీ పట్టేది ఎక్కువగా ఇదే. మూత లేదు, గొట్టం బురదా జిగురుతో మెత్తగా ఉందంటే సాధారణంగా సబెల్లిడే.

ఆలిచిప్పల్లో చిన్న బురద బొబ్బలు కనిపిస్తే లోపల పాలిడోరా లాంటి స్పయోనిడ్ ఉంటుంది, శూకాలున్న ఐదో ఖండం మిగతా వాటికంటే పెద్దగా మొరటు ముళ్లతో ఉంటే ఆ గుంపు అని అర్థం. ఆ ఐదో ఖండానికి ముందే మొప్పలు మొదలైతే బొకార్డియా, దాని తర్వాత మొదలైతే పాలిడోరా.

కాపిటెల్లిడ్స్‌లో లెక్కే ప్రాణం. ఒంటి ముందు భాగం థొరాక్స్‌లో శూకాలున్న ఖండాలు 9 ఉంటే కాపిటెల్లా, 10 ఉంటే మీడియోమాస్టస్, 11 ఉండి అన్నిట్లోనూ వెంట్రుక శూకాలే అయితే నోటోమాస్టస్, 11 ఉండి మొదటి ఐదింట్లో వెంట్రుకలు తర్వాత హుక్స్ అయితే హెటెరోమాస్టస్. మురుగు కలిసే చోట కాపిటెల్లా గుంపులుగా ఉంటుంది కాబట్టి కాలుష్యం రిపోర్టుల్లో దాని పేరు తరచూ వస్తుంది. ఖండాల హద్దులు కనిపించకపోతే మిథైల్ గ్రీన్ రంగు నీళ్లలో కాసేపు ఉంచితే గ్రంథులున్న చోటే రంగు పడుతుంది, ఆ రంగు పడే తీరు కూడా జాతికి గుర్తే. రోజ్ బెంగాల్ అనే ఇంకో రంగు వేస్తే ఏరుకోవడం తేలిక గానీ అంతా గులాబీ అయిపోతుంది, అందుకే అసలు రంగు కావాల్సిన వాటికి వెయ్యకండి.

మిగతావి గబగబా చెప్తాను. పొట్టి లావు పురుగు, తోక కింద తుప్పు రంగు గట్టి పలక ఉంటే స్టెర్నాస్పిస్. ఖండాలు వెదురు కణుపుల్లా పొడుగైతే మాల్డానిడే. ఒళ్లంతా పక్కల ఎర్రటి దారాలు ఉంటే సిరాటులిడే. సన్నటి పురుగు వీపు మీద ముందు వైపు ఒక్కటే ఒక్క పొడుగు తీగ ఉంటే కొస్సురా. చేపలా బిగుతుగా ఉండి పొట్ట కింద గాడి, పక్కల ఖండానికో కంటి చుక్క ఉంటే అర్మాండియా.

పాత పుస్తకాల్లో వీటన్నిటినీ తిరిగేవి, ఒకచోట ఉండేవి అని రెండుగా విడదీసేవాళ్లు, మధ్యలో ఆ విభజన వదిలేశారు, మళ్లీ 2011లో జన్యువుల ఆధారంగా ఎర్రాన్షియా, సెడెంటేరియా రెండూ తిరిగి వచ్చాయి, కానీ వానపాములు, జలగలు ఇప్పుడు సెడెంటేరియా లోపలికే వెళ్లాయి, ఫైర్‌వార్మ్స్, మాగెలోనా, కీటోప్టెరస్ లాంటివి ఈ రెండిటికీ బయట ఉన్నాయి. స్లైడ్ మీద పని చేసేటప్పుడు దీంతో పెద్దగా అవసరం రాదు, కుటుంబం స్థాయి గుర్తులు అలాగే ఉన్నాయి.

జాతి పేరు రాసే ముందు

మన దగ్గర చాలాకాలంగా అందరూ తెరిచే పుస్తకం ఫోవెల్ అనే శాస్త్రవేత్త 1953లో భారత ప్రాంతపు పాలీకీట్ల మీద రాసిన సంపుటం. కుటుంబం, ప్రజాతి నేర్చుకోవడానికి ఇప్పటికీ గొప్ప పుస్తకం, కానీ అందులో యూరప్ జాతుల పేర్లు మన పురుగులకి చాలానే ఉన్నాయి, ఎందుకంటే ఒకే జాతి ప్రపంచమంతా ఉంటుందని అప్పట్లో నమ్మేవాళ్లు. పెరినీరిస్ కల్ట్రిఫెరాని మొదట వర్ణించింది ఇటలీ నేపుల్స్ నుంచి, మార్ఫైసా సాంగ్వీనియా ఇంగ్లండ్ నుంచి, కాపిటెల్లా కాపిటాటా గ్రీన్‌లాండ్ నుంచి. ఒకే కాపిటెల్లా కాపిటాటా అనుకున్నది నిజానికి చూపుకి ఒకేలా ఉండే చాలా జాతులని 1976లోనే తేలింది. అలాంటప్పుడు గ్రీన్‌లాండ్ చలినీళ్ల పురుగు కాకినాడ బురదలో ఉందని రాసే ముందు ఆగి ఆలోచించాలి కదా. కీ, అంటే గుర్తులు ఒక్కొక్కటే చూస్తూ పేరు దాకా తీసుకెళ్లే పట్టికలో చివరి మెట్టు దాకా వచ్చి పేరు కుదిరినట్టు అనిపించగానే ఆ జాతి మొదట ఎక్కడ దొరికింది, అసలు వర్ణనలో ఏం రాశారు చూడండి, వోర్మ్స్ అనే ఆన్‌లైన్ సముద్రజీవుల జాబితాలో ఇప్పుడు చెల్లే పేరు ఏదో, మొదటి చోటు ఏదో చాలావాటికి దొరుకుతుంది. ఒక్క గుర్తు తేడా వచ్చినా పేరు మధ్యలో సీఎఫ్. పెట్టి రాయండి, దగ్గరగా ఉంది గానీ ఖాయం కాదు అని చదివేవాళ్లకి తెలుస్తుంది.

మన తీరానికి మంచి చరిత్రే ఉంది, ఆంధ్రా యూనివర్సిటీలో ప్రొఫెసర్ పి.ఎన్. గణపతి, ఆయన దగ్గర పనిచేసిన వాళ్లు వాల్తేరు తీరంలో ఇసుక రేణువుల మధ్య బతికే జీవుల దాకా చూశారు. ఆ పాత లిస్టుల్లోని పేర్లని ఇప్పటి పద్ధతిలో మళ్లీ సరిచూడాల్సిన పని చాలా మిగిలి ఉంది, దానికి కొత్తగా, సరిగ్గా మత్తు ఇచ్చి, గొంతు బయటికి తీసి, డీఎన్ఏ ముక్కతో సహా దాచిన నమూనాలు కావాలి.

ఎవరినైనా పేరు అడగాలంటే ఈ ఫొటోలు పంపండి: ఒళ్లు మొత్తం, తల పైనుంచి, తల కింద నుంచి, బయటికి తీసిన గొంతు రెండు వైపులా, మూడు చోట్ల పార్శ్వపాదాలు, వాటి శూకాలు 400 రెట్లలో, గొట్టం ఉంటే గొట్టం, దొరికిన చోటు, తేదీ. పేరు తేలినా తేలకపోయినా నమూనా సీసా పారేయకండి, ఆల్కహాల్ తగ్గినప్పుడల్లా పోస్తూ ఉండండి, దగ్గర్లోని యూనివర్సిటీ జువాలజీ మ్యూజియంకి గానీ, జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల చెన్నై సముద్ర కేంద్రానికి గానీ, ఒడిశా గోపాల్‌పూర్‌లో ఉన్న వాళ్ల ఉప్పుటేరు జీవుల కేంద్రానికి గానీ ముందు రాసి, లేబుల్‌తో సహా ఇవ్వండి.